పని తనకు తానే సర్దుకునే తీరు
పాల సంఘాలకు పనికివచ్చే కొన్ని పద్ధతులు

పాలు ఎవరి కోసమూ ఆగవు. పిండిన తర్వాత కొద్ది గంటలపాటు పాలకు సూక్ష్మజీవులను నిలవరించే సహజశక్తి ఉంటుంది. ఆ శక్తి తరిగిపోయిన తర్వాత, మన ఎండల్లో ఉండే వేడికి అవి సుమారు అరగంటకొకసారి రెట్టింపవుతూ పోతాయి. 4 డిగ్రీల సెంటిగ్రేడుకు చల్లార్చినప్పుడే వాటి వృద్ధి బాగా మందగిస్తుంది. అందుచేత పొదుగునుంచి శీతలీకరణ కేంద్రం వరకు జరిగే ప్రతి పనిలోనూ ఆలస్యమనేది నష్టమే. ఆ నష్టం లెక్కల పుస్తకంలో ఎక్కడ కనిపించినా, చివరకు భరించేది పాలు పోసిన సభ్యుడే.

ఆలస్యం ఎక్కడ పుడుతున్నది? చాలాచోట్ల మనుషులు తక్కువై కాదు. ఒకచోట పని గుట్టపడుతుంది, పక్కనే ఇంకొకరు చేతులు కట్టుకుని నిలబడతారు. ఇటువంటి చోట్ల సాధారణంగా తోచే ఉపాయం ఒక్కటే: అజమాయిషీకి మరొక మనిషిని పెట్టడం. అతడు ఒకరిని ఇటు పంపి, మరొకరిని అటు పంపి సర్దుతాడు. అతడు లేనినాడు మళ్ళీ మొదటికి వస్తుంది.

దీనికి వేరొక దారి ఉన్నది. పనిచేసేవారు ప్రతి ఒక్కరూ తమ ఎదుట కనిపించే దానినిబట్టి ఒకటి రెండు చిన్న నియమాలను పాటిస్తే చాలు, ఎవరూ ఆజ్ఞాపించకుండానే మొత్తం పని సమంగా సర్దుకుంటుంది. దీనిని స్వయం సర్దుబాటు పద్ధతి అనవచ్చును. ఇది వట్టి ఊహ కాదు. కర్మాగారాల్లో, గోదాముల్లో, సరుకు రవాణాలో అమలులో ఉండి, లెక్కలకు నిలిచిన విషయం. దానిని సభ్యులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చీమలు ఏం చేస్తాయి?

గడ్డివాముకు నిప్పంటుకుంటే చెరువునుంచి వామిదాకా జనం బారులు తీరి బిందెలు అందించుకోవడం మనకు తెలిసిన పనే. గింజలు సేకరించే చీమలలో ఒక జాతి సరిగా ఇదే పని చేస్తుంది. స్పెయిన్ దేశంలో ఈ చీమలను శాస్త్రజ్ఞులు పరిశీలించారు. గింజ దొరికినచోట చిన్న చీమ దానిని ఎత్తుకుని పుట్టవైపు నడుస్తుంది. ఎదురుగా తనకంటే పెద్ద చీమ వస్తే గింజను దానికి అందించి, మరో గింజకోసం వెనక్కు మళ్ళుతుంది. పెద్ద చీమ ఇంకా పెద్దదానికి అందిస్తుంది. చివరకు అన్నింటికంటే పెద్ద చీమ గింజను పుట్ట చేరుస్తుంది.

ఇందులో రెండు సంగతులు గమనించదగినవి. మొదటిది: గింజ చేతులు మారే చోటు ఫలానా అని ముందుగా ఎవరూ గీత గీయలేదు. రెండవది: గింజ ఎప్పుడూ నిదానంగా నడిచే చీమనుంచి వేగంగా నడిచే చీమకే పోతున్నది. ఈ రెండవ సంగతిలోనే కీలకమంతా ఉన్నది.

కుట్టుపని లైనులో ఇదే సూత్రం

బట్టలు కుట్టే కర్మాగారాల్లో టయోటా పేరుతో ఒక పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. అందులో కుట్టుమిషన్లు ఎక్కువ, మనుషులు తక్కువ. ఎవరూ ఒకే మిషను ముందు కూర్చోరు. పనివాడు తన చేతిలోని బట్టను ఒక మిషనునుంచి తర్వాతి మిషనుకు తీసుకుపోతూ పని సాగిస్తాడు. వరుసలో చివరి మనిషి తన వస్త్రాన్ని పూర్తిచేయగానే వెనక్కు నడిచి, తన ముందువాడు ఎక్కడ ఉంటే అక్కడ అతని చేతిలోని పనిని అందుకుంటాడు. పని ఇచ్చినవాడు తానూ వెనక్కు నడిచి, తనకు ముందున్నవాని పనిని అందుకుంటాడు. మొట్టమొదటి మనిషి కొత్త వస్త్రం మొదలుపెడతాడు. నియమం ఇంతే.

జాన్ బార్తోల్డీ, డొనాల్డ్ ఐసెన్‌స్టీన్ అనే ఇద్దరు అమెరికా ఆచార్యులు ఈ పద్ధతిని గణితరీత్యా పరిశీలించి 1996లో ఫలితాలు ప్రకటించారు. మనుషులను నిదానస్తులు మొదట, చురుకైనవారు చివర ఉండేటట్లు నిలబెడితే, పని ఎక్కడ మొదలైనా సరే, చేతులు మారే చోట్లు కొద్దిసేపట్లోనే సరైన స్థానాలకు వచ్చి స్థిరపడతాయని వారు నిరూపించారు. లెక్క వేసి చూస్తే ఇది మనకూ బోధపడుతుంది.

ఒక పనిలో 60 అంచెలు ఉన్నాయనుకుందాం. నిదానస్తుడు నిమిషానికి 1 అంచె, చురుకైనవాడు నిమిషానికి 2 అంచెలు చేయగలరు. మనం సాధారణంగా చేసే పంపకం చెరి సగం. మొదటివాడు తన 30 అంచెలకు 30 నిమిషాలు తీసుకుంటాడు. రెండవవాడు తన 30 అంచెలు 15 నిమిషాల్లో ముగించి, మిగిలిన 15 నిమిషాలు ఖాళీగా ఉంటాడు. అరగంటకు ఒక వస్తువు చొప్పున 8 గంటల్లో 16 తయారవుతాయి.

ఇప్పుడు గీత తీసివేసి పై నియమం పెట్టండి. నిదానస్తుడు ముందు, చురుకైనవాడు వెనుక. మొదటిసారి 30వ అంచె దగ్గర పని చేతులు మారింది. చురుకైనవాడు మిగిలిన 30 అంచెలను 15 నిమిషాల్లో ముగించి వెనక్కు వస్తాడు. ఆ 15 నిమిషాల్లో నిదానస్తుడు కొత్త పనిలో 15 అంచెలు చేశాడు గనుక ఈసారి 15 దగ్గర చేతులు మారుతుంది. మిగిలిన 45 అంచెలకు ఇరవై రెండున్నర నిమిషాలు. తర్వాతి మార్పు 22.5 దగ్గర. ఆ తర్వాత 18.75 దగ్గర, ఆపైన సుమారు 20.6 దగ్గర. ఇలా అటూ ఇటూ ఊగుతూ, ఊపు తగ్గుతూ, తక్కెడ ముల్లులాగా 20వ అంచె దగ్గర నిలుస్తుంది. అప్పుడు మొదటివాడు 20 అంచెలు, రెండవవాడు 40 అంచెలు, ఇద్దరికీ సరిగా 20 నిమిషాలు. ఖాళీ లేదు, గుట్ట లేదు. 8 గంటల్లో 24 తయారవుతాయి. అవే చేతులు, అదే కాలం, పని మాత్రం ఒకటిన్నర రెట్లు.

“20, 40 అని మేస్త్రీయే పంచిపెట్టవచ్చును గదా” అని సభ్యులు అడగవచ్చును. పంచవచ్చును. కాని మనిషి రోజంతా ఒకే తీరుగా ఉండడు. మధ్యాహ్నానికి నిదానస్తుడు అలసిపోయి వేగం సగానికి పడిపోయిందనుకోండి. మేస్త్రీ పంపకం ప్రకారం అతని 20 అంచెలకు 40 నిమిషాలు పడుతుంది, వస్తువు 40 నిమిషాలకొకటి వస్తుంది. స్వయం సర్దుబాటులో చేతులు మారే చోటు తనంతట తానే 12వ అంచె దగ్గరకు జరుగుతుంది, వస్తువు 24 నిమిషాలకొకటి వస్తుంది. అలసినవానిని ఎవరూ దెప్పిపొడవలేదు, ఎవరూ లెక్క వేయలేదు. పనే సర్దుకున్నది.

వరుస తప్పితే ఏమవుతుంది?

నియమం అదే ఉంచి మనుషుల వరుసను మాత్రం తిరగవేసి చూద్దాం. చురుకైనవాడు మొదట, నిదానస్తుడు చివర. ఇప్పుడు సమతూకపు చోటు 40వ అంచె. దానికి బాగా దగ్గరగా, 38 దగ్గర మొదలుపెట్టినా చాలదు. తర్వాతి మార్పు 44 దగ్గర, ఆ తర్వాత 32, ఆ తర్వాత 56, ఆపైన 8 దగ్గర జరుగుతుంది. ఊపు తగ్గడానికి బదులు ప్రతిసారీ రెట్టింపవుతున్నది. 8 దగ్గర పని అందుకున్న నిదానస్తుడిని, వెనుకనుంచి వచ్చే చురుకైనవాడు 16వ అంచె దగ్గర అందుకుని, ముందుకు పోలేక నిలబడిపోతాడు.

కాబట్టి స్వయం సర్దుబాటు అంటే “ఎవరికి వారే యమునా తీరే” అన్న చందం కాదు. నియమాలు కొద్దిగా ఉండాలి, అవి సరైనవై ఉండాలి, అందరూ పాటించాలి. నియమం ఒక్కటి తలక్రిందులైతే మంచి మనుషులతోనే చెడ్డ ఫలితం వస్తుంది.

అమెరికాలో రెవ్కో అనే మందుల దుకాణాల సంస్థ తన గోదాములో దుకాణాల ఆర్డర్లకు సరుకు ఏరి పెట్టే పనికి ఈ పద్ధతిని అమలు చేయగా, మనిషి ఏరే సరుకు సుమారు మూడోవంతు పెరిగింది. మన డెయిరీల శీతల గదుల్లో ఏజెంట్ల ఇండెంట్ల ప్రకారం పాల ప్యాకెట్లు, పెరుగు, మజ్జిగ, నెయ్యి ఏరి ట్రేలలో సర్దే పని కూడా ఇదే జాతి పని. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క అర కేటాయించడంకంటె, ట్రేతో నడుస్తూ పోయి వెనుకవాడు వచ్చి అందుకునే పద్ధతి అక్కడ చక్కగా అమరుతుంది.

ఖాళీ క్యాను చెప్పే మాట

రెండవ పద్ధతి కూడా టయోటా వారిదే. ఆ సంస్థలో తయీచీ ఓనో అనే ఇంజనీరు, అమెరికాలోని పెద్ద దుకాణాల తీరునుంచి ఒక ఆలోచన తీసుకున్నాడు. కొనేవారు బల్లమీదనుంచి తీసుకున్నంతే దుకాణదారు మళ్ళీ నింపుతాడు. ఓనో దీనిని 1953లో తన యంత్రాల విభాగంలో అమలుపెట్టాడు. వెనుక విభాగంవారు చేసిందల్లా ముందుకు తోయడం మానివేసి, ముందు విభాగంవారు తీసుకుపోయినంతే తిరిగి చేయాలి. తీసుకుపోయినదానికి గుర్తు ఒక చీటీ. జపాను భాషలో దానిని కాన్‌బాన్ అంటారు. చీటీ వస్తే చేయి, రాకపోతే ఆగు. ఇంతే ఆజ్ఞ.

మన సంఘాల్లో దీనికి సాటివచ్చేది ఖాళీ క్యాను. ఖాళీ క్యాను తిరిగివచ్చిందంటే “ఇంకొక క్యానుకు చోటున్నది” అని చెప్పినట్లే. అయితే ఒక్క తేడాను మరువరాదు. కారు భాగాన్ని రేపు చేద్దామని ఆపవచ్చును, పాలను ఆపలేము. చీటీ రాలేదని గేదె చేపకుండా ఉండదు. వానకాలం, చలికాలాల్లో పాలు పొంగుతాయి, వేసవిలో తగ్గుతాయి. అందువల్లనే 1970లో ఆరంభమైన ఆపరేషన్ ఫ్లడ్ కార్యక్రమంలో మిగులు పాలను పొడిగా, వెన్నగా మార్చి నిలవచేసే డెయిరీలకు అంత ప్రాముఖ్యం ఇచ్చారు. పాలకు ఎదురుచూపు చీటీ సరిపోదు, నిలవ ఏర్పాటే సరిపోతుంది.

పాలు తప్ప మిగిలిన అన్నింటికీ చీటీ సరిపోతుంది. వెన్న పరీక్ష రసాయనాల సంగతే చూడండి. గెర్బర్ పరీక్ష జరిగే కేంద్రంలో ఒక్కొక్క నమూనాకు 10 మిల్లీలీటర్ల గంధకామ్లం కావాలి. పూటకు 100 నమూనాలైతే రోజుకు 2 లీటర్లు. కబురంపిన తర్వాత సరుకు చేరడానికి 7 రోజులు పడితే 14 లీటర్లు, జాగ్రత్తకు మరి 2 రోజులకు 4 లీటర్లు, మొత్తం 18. నిలవ 18 లీటర్లకు తగ్గినచోట ఒక చీటీ కట్టి ఉంచండి. ఆ సీసాకు చేయి తగలగానే చీటీ ఆనాటి పాల వ్యానులోనే పోవాలి. కార్యదర్శి గుర్తుంచుకోనక్కరలేదు, ఎవరూ వచ్చి తనిఖీ చేయనక్కరలేదు.

ఇది చిన్న విషయంగా కనిపించవచ్చును. కాని ఆమ్లం అయిపోయిన పూట పరీక్ష లేదు. పరీక్ష లేని పూట చిక్కటి పాలు పోసినవారికీ, పలుచటి పాలు పోసినవారికీ ఒకే అంచనా ధర. రెండు పూటలు అలా జరిగితే మంచి పాలు పోసే సభ్యుడు ప్రైవేటు వ్యాపారి గుమ్మం తొక్కుతాడు. ఎలక్ట్రానిక్ యంత్రాలు వచ్చినచోట్ల కూడా వాటిని శుభ్రపరచే ద్రావణాలకు ఇదే వర్తిస్తుంది. దాణా బస్తాలకు సరేసరి.

ముంబయి డబ్బావాలాలు

మన దేశంలోనే ఉన్న ఉదాహరణ ముంబయి డబ్బావాలాలది. ఇళ్ళనుంచి భోజనం క్యారియర్లు సేకరించి ఆఫీసులకు చేర్చి, ఖాళీవి తిరిగి ఇళ్ళకు చేర్చే ఈ పని 1890 ప్రాంతంలో మొదలైంది. 2020లో కరోనా రాకపూర్వం సుమారు 5 వేలమంది రోజుకు 2 లక్షల దాకా డబ్బాలు చేరవేసేవారు. ఆ తర్వాత సంఖ్య బాగా తగ్గింది.

ఒక్కొక్క డబ్బా దారిలో పలు చేతులు మారుతుంది. ఇంటినుంచి ఒకరు, రైలులో ఒకరు, దిగిన స్టేషనునుంచి ఆఫీసుకు మరొకరు. వీరందరినీ నడిపించే పెద్ద కార్యాలయం ఏదీ లేదు. డబ్బా మూతమీద రంగులతో, అక్షరాలతో, అంకెలతో వేసిన గుర్తే ఆజ్ఞ. ఏ స్టేషనులో దిగాలో, ఏ భవనంలో ఏ అంతస్తుకు చేరాలో ఆ గుర్తే చెపుతుంది. సుమారు ఇరవైమంది చొప్పున బృందాలు, ప్రతి బృందానికి ఒక ముకాదం. ఎవరైనా రాకపోతే బృందంలోని వారే ఆ పని అందుకుంటారు, రాబడిని బృందమే పంచుకుంటుంది.

మన క్యాన్లమీద సంఘం నెంబరు ఉంటుంది. ఆ గుర్తు చెరిగిపోయిన క్యాను శీతలీకరణ కేంద్రంలో ఎవరిదో తేలక ఆగుతుంది. ఒక డబ్బా రంగు వేయని కారణాన ఒక క్యాను లెక్క తారుమారు కావడం చేజేతులా తెచ్చుకున్నదే.

చీటీల కట్టతో రూటు

బార్తోల్డీయే తన సహచరులతో కలిసి 1983లో అమెరికాలోని అట్లాంటా నగరంలో మరొక పని చేశాడు. అక్కడ వృద్ధులకు ఇళ్ళకు భోజనం పంపే సేవాసంస్థ ఒకటి ఉన్నది. రోజూ కొందరు కొత్తగా చేరుతారు, కొందరు మానుతారు. ప్రతిసారీ రూటు మొదటినుంచి వేయడం వారికి తలకు మించిన పని అయింది. నగరమంతటినీ చుట్టివచ్చే ఒక మెలికల గీతను పటంమీద ఊహించి, ఆ గీతమీద వచ్చే క్రమాన్నిబట్టి ప్రతి ఇంటికీ ఒక అంకె ఇచ్చారు. ఇంటికొక చీటీ రాసి అంకెల వరుసలో పెట్టారు. కొత్తవారు వస్తే చీటీని దాని స్థానంలో దూర్చడం, మానితే తీసివేయడం. కట్టను వ్యాన్ల సంఖ్యను బట్టి సమభాగాలు చేస్తే ఎవరి రూటు వారికి వచ్చినట్లే. కంప్యూటరు అక్కరలేకపోయింది.

ఇటువంటి రూటు అతి పొట్టిదైన దారికంటె సగటున నాలుగోవంతు పొడవు ఉంటుంది. కాని మార్పును క్షణంలో ఇముడ్చుకుంటుంది. మన పాల రూట్లు రోడ్లనుబట్టి పోతాయి గనుక దీనిని ఉన్నదున్నట్లు దింపుకోలేము. నేర్చుకోవలసిన సూత్రం ఒకటున్నది: ఒక ఊరు చేరినా మానినా ఒక్కచోటనే దిద్దితే సరిపోయేటట్లు జాబితా ఉండాలి.

హద్దులు తెలుసుకోవాలి

చీమలనుంచే ఒక హెచ్చరిక కూడా ఉన్నది. గుడ్డిగా ముందుదాని వాసన పట్టుకుని నడిచే దండు చీమలు ఒక్కొక్కప్పుడు తమ తోకనే తాము అనుసరిస్తూ గుండ్రంగా తిరుగుతాయి. అలా తిరిగి తిరిగి చచ్చిపోయిన చీమల గుంపును ష్నీర్లా అనే శాస్త్రజ్ఞుడు 1944లో వర్ణించాడు. ఏ చీమా నియమం తప్పలేదు, అయినా గుంపు నశించింది. అందుచేత పని సర్దుకుంటున్నదా లేదా అని పైనుంచి చూసే కన్ను ఒకటి ఉండవలసిందే. ఆ కన్ను పాలకవర్గానిది.

ఇంకొక హద్దు బాధ్యతది. పాలు కొలవడం, పరీక్షించడం, పాస్‌పుస్తకంలో రాయడం చేతులు మారుతూ చేసే పనులు కావు. తేడా వచ్చినపుడు “నేను కాదు, వాడు” అనే వాదానికి ఇక్కడ తావుండరాదు. వీటికి ఫలానావారని పేరుండాలి. చేతులు మారే పద్ధతి క్యాన్లు కడగడానికి, బస్తాలు దించడానికి, ట్రేలు సర్దడానికే పరిమితం.

మూడవది మర్యాద విషయం. నిదానస్తుని ముందు నిలబెట్టడం అతనిని తక్కువ చేయడం కాదు. అతడు చేసిన ప్రతి అంచె చివరి వస్తువులో కలుస్తూనే ఉన్నది. వయసుమీరినవారిని, కొత్తగా చేరినవారిని పనినుంచి తొలగించకుండానే లైను నడవగలదని పైన వేసిన లెక్క చెపుతున్నది. వేగాన్నిబట్టి కూలి కోసివేసే సాధనంగా ఈ పద్ధతిని ఎవరూ వాడరాదు. వాడితే చేతులు మారేచోట సహకారం పోయి పేచీ మిగులుతుంది.

మన సంఘంలో మొదలుపెట్టవలసినవి

1. పాలు పోసే వేళ: 60 మంది సభ్యులు, ఒక్కొక్కరికి 1 నిమిషం అనుకుంటే, అందరూ ఒక్కసారే వచ్చినపుడు చివరివారు గంటసేపు నిలబడాలి. వారి చెంబులో పాలూ గంటసేపు వేడిలో నిలబడతాయి. వాడలవారీగా 20 మంది చొప్పున మూడు వేళలు పెట్టుకుంటే ఎవరూ 20 నిమిషాలకు మించి ఆగనక్కరలేదు. ఏ వాడకూ ఎప్పుడూ చివరి వేళే రాకుండా వారం వారం మార్చుకోవాలి.

2. క్యాన్లు కడిగే పని: చన్నీటితో తొలపడం, సోడా కలిపిన వేడినీటితో బ్రష్షుపెట్టి తోమడం, మంచినీటితో కడగడం, బోర్లించడం. ఇద్దరు ముగ్గురున్నచోట అంచెలు పంచుకోక, నిదానస్తులను మొదట, చురుకైనవారిని చివర ఉంచి, పూర్తిచేసినవారు వెనక్కు వచ్చి అందుకునే పద్ధతిని వారంరోజులు నడిపి చూడాలి.

3. చీటీలు: రసాయనాలు, దాణా, రిజిస్టర్లు, నమూనా సీసాలు. ప్రతిదానికి రోజు వాడకాన్ని, సరుకు వచ్చేందుకు పట్టే రోజులను గుణించి, జాగ్రత్త నిలవ కలిపి, ఆ మట్టం దగ్గర చీటీ పెట్టాలి.

4. గుర్తులు: ప్రతి క్యాను మీద, మూతమీద సంఘం నెంబరు దూరానికి కనిపించేటట్లు రంగుతో ఉండాలి.

వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు, కొత్త ఉద్యోగం అక్కరలేదు. కావలసిందల్లా నియమాన్ని సభ్యులూ సిబ్బందీ కలిసి ఏర్పరచుకోవడం. పైనుంచి ఆజ్ఞగా వచ్చిన నియమం ఆజ్ఞ ఇచ్చినవారు ఉన్నంతసేపే నడుస్తుంది. తమకు తామే ఒప్పుకున్న నియమం ఎవరూ చూడనప్పుడు కూడా నడుస్తుంది. మన సంఘాలు ఏర్పడిందే ఈ నమ్మకం మీద.

సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు ఈ విషయాలను రానున్న పాలకవర్గ సమావేశంలో చర్చకు పెట్టవలసిందిగా కోరుతున్నాము. ఆచరణలో పెట్టిన సంఘాలు తమ అనుభవాన్ని, ఎదురైన ఇబ్బందులతో సహా మాకు రాస్తే తోటి సంఘాలవారికి తెలియజేస్తాము.